ముందు గాలి చూడండి: వాన్ డి వెల్డే తండ్రీకొడుకుల సముద్ర యుద్ధ చిత్రాలు (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

తెర మీదున్న బొమ్మను ఒక నిమిషం ఊరికే చూడండి. ఇందులో రంగు లేదు. తెల్లటి నేల మీద నల్లటి గీతలు, అంతే. మొదటి చూపుకి రేకు మీద చెక్కి తీసిన అచ్చులా కనిపిస్తుంది కానీ ఇది అచ్చు కాదు. దాదాపు 1.7 మీటర్ల ఎత్తు, 2.9 మీటర్ల వెడల్పు ఉన్న చిత్రం. మొత్తం కలంతో గీసింది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉంది. 1653 ఆగస్టు 10న హాలండ్ తీరంలో, తేర్‌హైడ్ అనే ఊరి ఎదుట, డచ్చి, ఇంగ్లిష్ నౌకాదళాలకు జరిగిన పోరు ఇది. డచ్చి సేనాని మార్టెన్ ట్రోంప్ చనిపోయింది ఈ పోరులోనే.

ఇప్పుడు ముందువరసలో ఉన్న చిన్న పడవ చూడండి. పెద్ద ఓడల పక్కన అది గింజంత కూడా లేదు. అందులో ఒక మనిషి కూచుని కాగితం మీద గీసుకుంటున్నాడు. ఈ బొమ్మ వేసినాయనే అతను. పేరు విల్లెం వాన్ డి వెల్డే. ఈయన కొడుకు పేరు కూడా విల్లెమే, అతనూ చిత్రకారుడే. అందుకని ఈ సాయంత్రం మనం పెద్ద విల్లెం, చిన్న విల్లెం అని పిలుచుకుందాం. పెద్ద విల్లెం 1611 ప్రాంతంలో లైడెన్‌లో పుట్టి 1693లో లండన్‌లో పోయాడు. చిన్న విల్లెం 1633లో పుట్టి 1707లో పోయాడు.

ఓడలను, యుద్ధాలను ఒడ్డున కూచుని ఊహించి వేసినవాళ్ళు చాలామంది. ఈ తండ్రి యుద్ధం నడుస్తుండగా గుండ్ల మధ్యకు పడవలో వెళ్ళి గీశాడు. 1653లో వెళ్ళాడు, 1658లో డెన్మార్క్ దగ్గర ఓరెసుండ్ జలసంధిలో జరిగిన పోరుకి వెళ్ళాడు, 1666లో డచ్చి, ఇంగ్లిష్ దళాల మధ్య జరిగిన, ‘నాలుగు రోజుల యుద్ధం’ అని పేరుపడ్డ పోరుకి వెళ్ళాడు, 1672లో సోల్‌బే పోరుకి వెళ్ళాడు. 1666లో డచ్చి సేనాని డి రౌటర్ ఆయన కోసం ప్రత్యేకంగా ఒక గాలియట్ పడవ కేటాయించాడు. చిత్రకారుడు దళానికి ముందు ఉండమంటే ముందు, వెనక ఉండమంటే వెనక, ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పొమ్మని ఆ పడవ నాయకుడికి ఆజ్ఞ. అప్పటికి ఈయనకు యాభై అయిదేళ్ళు.

గాలియట్ అంటే పెద్దగా లోతు అక్కర్లేని చిన్న తెరచాప పడవ. ఇసుక దిబ్బల మీదుగా కూడా జారిపోగలదు, కబుర్లు మోయడానికి వాడేవారు. ఫిరంగులు మోసే ఓడలు అలా పోలేవు. చిత్రకారుడికి ఇది మంచి ఆసనం. కానీ చిన్నది కాబట్టి అల మీద విపరీతంగా ఊగుతుంది. ఇప్పుడు ఆ ఊపులో పెన్సిల్ పట్టుకుని యాభై అరవై ఓడలు గీయాలి. అవి కూడా నిలబడి ఉండవు.

ఇక్కడే నేను అసలు విషయానికి వస్తాను. సముద్ర యుద్ధం బొమ్మ ముందు నిలబడినప్పుడు ఎవరు గెలుస్తున్నారని వెతకొద్దు, ఏ ఓడ అందంగా ఉందని వెతకొద్దు. ముందు గాలి ఎటు వీస్తోందో వెతకండి. తెరచాపల ఉబ్బు, జెండాల ఎగురుడు, పొగ జారే దిక్కు, అలల నురగ, ఓడ ఒరిగిన పక్క, ఈ అయిదూ ఒకే గాలికి లోబడాలి. లోబడితే ఆ బొమ్మ వేసినవాడికి సముద్రం తెలుసు. ఒక్కటి తప్పినా మిగతా బొమ్మను జాగ్రత్తగా చూడాలి. తండ్రీకొడుకుల గొప్పతనమంతా ఇందులోనే ఉందని నేను నమ్ముతాను.

గాలి ఎందుకంత ముఖ్యమో నాలుగు రోజుల యుద్ధం మొదటి రోజునే చూద్దాం. డచ్చి క్యాలెండర్ ప్రకారం 1666 జూన్ 11. ఇంగ్లిష్ కాగితాల్లో ఇదే రోజు జూన్ 1 అని ఉంటుంది, వాళ్ళ లెక్క అప్పట్లో పది రోజులు వెనక. ఈ తేడా మరిచిపోతే రెండు దేశాల దస్తావేజులు పక్కపక్కన పెట్టినప్పుడు మొత్తం గందరగోళం అవుతుంది. ఇంగ్లిష్ సేనాని మంక్ దగ్గర 56 ఓడల వరకు ఉన్నాయి, డచ్చి వైపు 80కి పైనే. లంగరు వేసుకుని ఉన్న డచ్చి దళం మీదకు ఇంగ్లిష్‌వాళ్ళు గాలికి ఎగువ నుంచి, అంటే గాలి వచ్చే వైపు నుంచి, వచ్చి పడ్డారు. నైరుతి గాలి గట్టిగా ఉంది. డచ్చివాళ్ళు లంగరు తాళ్ళు కోసుకుని పోరుకి తిరిగారు.

గాలికి ఎగువన ఉండటం లాభమే. ఎప్పుడు మీద పడాలో, ఎప్పుడు ఆగాలో మీ చేతిలో ఉంటుంది. మీ ఫిరంగుల పొగ ముందుకు, శత్రువు మొహం మీదకే పోతుంది. గాలివాలున, అంటే గాలి పోయే వైపు, ఉన్నవాడు పేల్చిన పొగ మాత్రం తిరిగి వాడి డెక్కు మీదకే, వాడి ఫిరంగి కిటికీల్లోకే వస్తుంది. మరి నష్టమేమిటి? ఓడ ఎప్పుడూ గాలివాలు పక్కకు ఒరుగుతుంది. ఎగువన ఉన్న ఓడకు శత్రువు ఉన్నది ఆ వాలు పక్కే. కాబట్టి అది పేల్చాల్సిన పక్కే నీళ్ళకు దగ్గరగా కిందికి దిగుతుంది. బరువైన ఫిరంగులన్నీ ఉండేది కింది వరసలో. ఆ కిటికీలు తెరిస్తే నీళ్ళు లోపలికి వస్తాయి. ఆ రోజు ఇంగ్లిష్ ఓడలకు సరిగ్గా ఇదే జరిగింది. గాలి ఎక్కువై కింది వరస ఫిరంగులు వాడలేకపోయారు. డచ్చి ఓడల పోరాడే పక్క మాత్రం పైకి లేచింది. కిటికీలు నిక్షేపంగా తెరుచుకున్నాయి. వాళ్ళకున్న ప్రమాదం వేరే. ఎప్పుడూ నీళ్ళలో ఉండే చెక్క బయటపడి అక్కడ గుండు తగిలితే, ఓడ నిటారుగా అయ్యాక ఆ కన్నం నీటి కిందికి వెళ్తుంది.

అందుకే ఇలాంటి బొమ్మలో ఒక ఓడ పక్కకు ఎంత ఒరిగింది, కింది వరస కిటికీలు మూసి ఉన్నాయా తెరిచి ఉన్నాయా అన్నది అలంకారం కాదు. ఆ పూట యుద్ధం ఎలా నడిచిందో అది చెబుతుంది. గాలి తెలియని చిత్రకారుడు ఓడను నిటారుగా నిలబెట్టి, అన్ని కిటికీల నుంచి మంటలు కక్కించి వదిలేస్తాడు.

ఇప్పుడు పడవలో కూచున్నాయన ఏం చేసేవాడో చూద్దాం. ఆయన గీసిన కాగితాలే మనకు ఆధారం. లండన్‌లోని గ్రీనిచ్‌లో ఉన్న నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో తండ్రీకొడుకుల డ్రాయింగులు 1,400కి పైగా ఉన్నాయి. రోటర్‌డామ్‌లో బోయ్‌మన్స్ మ్యూజియంలో ఇంకొన్ని వందలు. వాటిలో ఎక్కువ భాగం పెన్సిల్ గీత, దాని మీద బూడిదరంగు నీళ్ళ సిరా పూత. కొన్నిటిలో కాగితాన్ని కాగితానికి అతికించి మీటరు దాటిన పొడవు పట్టీలు చేశాడు. యుద్ధం ఎప్పుడూ అడ్డంగా సాగుతుంది కాబట్టి కాగితం కూడా అడ్డంగానే సాగాలి.

దూరపు ఓడలకు ఆయన వాడింది దాదాపు సంక్షిప్త లిపి లాంటిది. ఒక చిన్న అడ్డగీత, దాని మీద మూడు నిలువు గీతలు, ఒక జెండా ముక్క. దగ్గరి ఓడకు మాత్రం విరిగిన స్తంభం, చిరిగిన తెరచాప, వేలాడే తాళ్ళు విడివిడిగా. పక్కన చేతిరాతతో ఓడ పేరు, ఒక్కోచోట వేళ, ఏం జరిగిందన్న ముక్క. ఆ రాతలో అక్షరదోషాలు ఉన్నాయి. ఉండనివ్వండి. నా దృష్టిలో ఆ రాత లేకపోతే బొమ్మ విలువ సగం పోయినట్టే.

ఎందుకంటే పొగలో ఓడను గుర్తుపట్టడం తేలిక కాదు. తుపాకిమందు పొగ తెల్లగా, దట్టంగా, నీళ్ళకు ఆనుకుని పరుచుకుంటుంది. ఓడ ఒళ్ళు అందులో మునిగిపోతుంది. స్తంభాల కొసలు, జెండాలు మాత్రం పైన తేలుతాయి. అందుకని మొదటి గుర్తు జెండా. ఇంగ్లిష్ దళం ఎరుపు, తెలుపు, నీలం అని మూడు భాగాలు. ఒక్కో భాగంలో సేనాని జెండా నడిమి స్తంభం మీద, ఉపసేనానిది ముందు స్తంభం మీద, మూడోవాడిది వెనక స్తంభం మీద. రంగూ స్తంభమూ తెలిస్తే మనిషెవరో తెలిసిపోతుంది.

రెండో గుర్తు ఓడ వెనుక భాగం, మన జాలర్లు అమరం అనేది. కాస్త పొగ విడిస్తే అక్కడ చెక్కడాలు కనిపిస్తాయి. డచ్చి ఓడల్లో వెనుక పైభాగాన ఓడ పేరును తెలిపే బొమ్మ ఉండేది. బంగారు సింహం పేరున్న ఓడకు సింహం, ఒక ఊరి పేరున్న ఓడకు ఆ ఊరి చిహ్నం. ఆ పలకను డచ్చిలో తఫరేల్ అంటారు. అంటే చిత్రం అనే అర్థం. ఇంగ్లిష్‌లో ఓడ వెనుక కటకటాలను టాఫ్రెయిల్ అంటున్నారే, ఆ మాట ఇక్కణ్ణుంచి పోయిందే. ఇంగ్లిష్ ఓడల వెనక రాజచిహ్నం ఉంటుంది. ఇంకో తేడా కూడా ఉంది. నీళ్ళకు కాస్త పైన డచ్చి ఓడ వెనుక భాగం బల్లపరుపుగా, పలక కొట్టినట్టు ఉంటుంది. అదే చోట ఆ కాలపు ఇంగ్లిష్ ఓడ గుండ్రంగా లోపలికి తిరుగుతుంది.

అయితే ఈ సూత్రం కూడా మోసం చేస్తుంది. సెవెన్ ఓక్స్ అనే ఇంగ్లిష్ ఓడ సంగతి వినండి. అది నిజానికి సేవెన్‌వోల్డెన్ అనే డచ్చి ఓడ. 1665లో ఇంగ్లిష్‌వాళ్ళు పట్టుకుని పేరు మార్చారు. 1666లో నాలుగు రోజుల యుద్ధంలో డచ్చివాళ్ళు దాన్ని మళ్ళీ పట్టుకున్నారు. ఒళ్ళు డచ్చి, జెండా ఇంగ్లిష్. వెనుక భాగం మాత్రమే చూసి నిర్ణయించేవాడు బోల్తా పడతాడు. అందుకే పక్కన రాసిన పేరు కావాలి. యుద్ధం తర్వాత పట్టుబడ్డ ఓడల్ని చిన్న విల్లెం రంగుల్లో వేసిన చిత్రం రైక్స్ మ్యూజియంలో ఉంది. స్విఫ్ట్‌షూర్, లాయల్ జార్జ్, కన్వర్టైన్‌లతో పాటు ఈ సెవెన్ ఓక్స్ కూడా అందులో ఉంది.

ఇక ఒడ్డుకు వచ్చాక జరిగే పని. పెద్ద విల్లెం ప్రత్యేకత కలం చిత్రం. చెక్క పలకో కాన్వాసో తీసుకుని, సీసపు తెలుపును నూనెలో కలిపి పూత వేసి, నున్నగా చేసి, పూర్తిగా ఆరనిచ్చి, దాని మీద కలంతో సిరా గీతలు. ఆకాశానికి, పొగకు, నీడకు పలచటి సిరాతో కుంచె. వినడానికి తేలిగ్గా ఉంటుంది. కాన్వాసు నేత పూర్తిగా పూడకపోతే కలం మొన దారానికి తట్టుకుని సిరా చిందుతుంది. పూతలో నూనె ఎక్కువైతే సిరా పట్టదు, తామరాకు మీద నీటిబొట్టులా ముద్దకడుతుంది. తప్పు గీత పడితే దాని మీద తెలుపు పూస్తే ఆ మచ్చ వేరుగా కనిపిస్తుంది. తైలవర్ణంలో తప్పు మీద ఇంకో పొర వేసి సాగిపోవచ్చు, ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. నాలుగు అడుగుల తాడును ఒకే ఊపులో, చేయి ఆగకుండా గీయాలి. తర్వాతి కాలపు వార్నిష్ పసుపెక్కితే తెల్లటి ఆకాశం తేనెరంగుకి తిరుగుతుంది. దాన్ని తుడవబోతే సన్నటి గీతలు కూడా వార్నిష్‌తో పాటే పోయే ప్రమాదం ఉంటుంది. శుభ్రం చేసేవాళ్ళకు ఇవి నిజంగా భయపెట్టే చిత్రాలు.

ఒకే ఓడ బొమ్మ మళ్ళీ మళ్ళీ కావలసి వచ్చేది కదా. దానికి ఆయన అద్దకం పద్ధతి వాడాడు. మెత్తటి పెన్సిల్‌తో ముదురుగా గీసిన బొమ్మ మీద ఇంకో కాగితం పరిచి వెనక నుంచి గట్టిగా రుద్దితే గీత దాని మీదకు దిగుతుంది. వచ్చింది మసకగా ఉంటుంది, దాన్ని మళ్ళీ పెన్సిల్‌తో, సిరాతో బలపరచాలి. కానీ ఒక చిక్కుంది. అద్దకంలో బొమ్మ తిరగబడుతుంది. కుడి ఎడమవుతుంది, గాలి కూడా తిరగబడుతుంది. దాన్ని యథాతథంగా పెద్ద చిత్రంలోకి దించితే ఒక్క ఓడ ఎదురుగాలికి పోతున్నట్టు ఉంటుంది. అందుకని అద్దకానికి ఇంకో అద్దకం తీసి సరిచెయ్యాలి, లేదా బొమ్మలో ఆ గాలికి సరిపోయే చోట మాత్రమే దాన్ని వాడాలి.

చిన్న విల్లెం దగ్గరికి వద్దాం. అతను తండ్రి దగ్గరే కాక వేస్ప్ అనే ఊళ్ళో సైమన్ డి వ్లీగర్ దగ్గర కూడా నేర్చుకున్నాడు. తండ్రిది గీత, కొడుకుది వెలుగు. నాలుగు రోజుల యుద్ధం మూడో రోజు ఇంగ్లిష్‌వాళ్ళ పెద్ద ఓడ రాయల్ ప్రిన్స్ గాలపర్ అనే ఇసుక దిబ్బ మీద కూరుకుపోయింది. సేనాని జార్జ్ ఆయ్‌స్క్యూ లొంగిపోయాడు. ఓడను కదిలించే వీలు లేక డి రౌటర్ దాన్ని తగలబెట్టించాడు. ఆ లొంగుబాటును చిన్న విల్లెం వేశాడు. చిత్రం చిన్నది, దాదాపు 58 × 81 సెంటీమీటర్లు. చప్పుడంతా అయిపోయాక దిగే నిశ్శబ్దం అందులో ఉంది. ఇసుకలో దిగబడ్డ ఓడ మిగతా ఓడల్లా అలతో పాటు ఊగదు. ఆ తేడా చూపించకపోతే దిబ్బ మీద ఉన్నట్టు చూసేవాడికి ఎలా తెలుస్తుంది?

1672లో ఫ్రెంచి సైన్యం హాలండ్ మీద పడింది. బొమ్మలు కొనే నాథుడు లేకుండా పోయాడు. ఆ శీతాకాలంలో తండ్రీకొడుకులిద్దరూ ఇంగ్లండ్ చేరారు. 1674లో రాజు రెండో చార్లెస్ ఇద్దరికీ ఏడాదికి చెరో 100 పౌన్ల జీతం రాశాడు. ఆ ఉత్తర్వులో పని విభజన స్పష్టంగా ఉంది: యుద్ధాల నమూనాలు గీసినందుకు తండ్రికి, వాటిని రంగుల్లోకి తెచ్చినందుకు కొడుక్కి. గ్రీనిచ్‌లోని క్వీన్స్ హౌస్‌లో, పార్కు వైపు కింది గది పనికి ఇచ్చారు. ఆ గది మూడు కిటికీలకు మూడు జతల తలుపులు చేయించిన లెక్క 1675 నాటిది దొరుకుతోంది. పార్కు ఆ భవనానికి దక్షిణాన ఉంది. దక్షిణపు ఎండ రోజంతా గదిలో తిరుగుతుంటే కాన్వాసు మీద రంగు గంటకో రకంగా కనిపిస్తుంది. ఆ తలుపులు అందుకేనని అనుకోవచ్చు.

ఇంగ్లండ్‌లో చిన్న విల్లెం ఆకాశం కోసం థేమ్స్ నదిలో పడవ వేయించుకుని పోయి, నీలం కాగితం మీద నల్ల సుద్ద, తెల్ల సుద్దతో మబ్బులు గీసేవాడని తర్వాతివాళ్ళు రాశారు. నీలం కాగితం ఎందుకో ఆలోచించండి. ఆకాశం రంగు ముందే ఉంది, మబ్బు వెలుగూ నీడా వేస్తే చాలు. మబ్బు ఆగదు కాబట్టి ఆ ఆదా అయిన నిమిషమే అతనికి ముఖ్యం.

యుద్ధానికి, చిత్రానికి మధ్య ఎంత కాలం గడవవచ్చో ఒక ఉదాహరణ. 1673 ఆగస్టులో టెక్సెల్ దగ్గర పోరు. డచ్చి వైపు కార్నెలిస్ ట్రోంప్ ఓడ గౌడెన్ లేవ్, అంటే బంగారు సింహం. ఆ యుద్ధాన్ని చిన్న విల్లెం దాదాపు 1.5 × 3 మీటర్ల కాన్వాసు మీద వేసింది 1687లో. పద్నాలుగేళ్ళ తర్వాత! అది జ్ఞాపకంతో వేయగలిగింది కాదు. ఇంట్లో పెట్టెల నిండా ఉన్న ఓడల డ్రాయింగులే దాని వెనకున్న బలం. కాబట్టి అందులోని ఒక్కో ఓడను మనం నమ్మవచ్చు. ఓడల మధ్య దూరాన్ని మాత్రం అంతగా నమ్మకూడదు. నిజంగా మైళ్ళ మేర పరుచుకున్న యుద్ధాన్ని మూడు మీటర్లలోకి తేవాలంటే ఓడల్ని దగ్గరికి లాగక తప్పదు.

అదే 1673లో ఈ రెండు వర్తక దేశాల పోరు మన తీరానికీ వచ్చింది. మచిలీపట్నం దగ్గర డచ్చి కంపెనీ ఓడలు, ఇంగ్లిష్ కంపెనీ ఓడలు తలపడ్డాయి, డచ్చివాళ్ళు గెలిచారు. మచిలీపట్నంలో వలందపాలెం పేరు ఆ ఒలందావాళ్ళదే. అయితే బందరు నీళ్ళలో పెద్ద విల్లెం పడవ లేదు. ఉత్తర సముద్రంలో ఏ ఓడ స్తంభం ఏ రోజు విరిగిందో మనం కళ్ళారా చూడగలుగుతున్నాం, మన గుమ్మం ముందు జరిగినదాన్ని అలా చూడలేకపోతున్నాం. ఇది నాకు బాధగానే ఉంటుంది.

(శ్రోతల నుంచి ప్రశ్న: నిన్నటిదాకా డచ్చివాళ్ళ కోసం గీసి, రేపటి నుంచి ఇంగ్లిష్ రాజు కోసం గీస్తే బొమ్మలో నిజం మిగులుతుందాండీ?)

మంచి ప్రశ్న అడిగారమ్మా. సోల్‌బే పోరునే తీసుకోండి. 1672 జూన్‌లో పెద్ద విల్లెం డచ్చి దళంతో ఉండి గీశాడు. ఇంగ్లిష్ ఓడ రాయల్ జేమ్స్ అగ్గిఓడ, అంటే శత్రువును తగలబెట్టడానికి కావాలని నిప్పుపెట్టి పంపే ఓడ, తగిలి కాలిపోయింది, అందులోని శాండ్‌విచ్ ప్రభువు చనిపోయాడు. లండన్ వచ్చాక అదే పోరు మీద ఇంగ్లిష్ రాజు కోసం గోడకు వేలాడదీసే నేత తెరలకు నమూనాలు చేసి ఇచ్చాడు. ఎవరి ఓడను ముందుకు తెచ్చాడు, ఎవరి జెండాకు వెలుగు పెట్టాడు అన్నది డబ్బు ఇచ్చేవాణ్ణి బట్టి మారుతుంది. నేను దాన్ని కాదనను. కానీ పడవలో గీసిన కాగితం ఎవరి కోసమూ మారలేదు. అందుకే వాళ్ళ తైలచిత్రం కంటే పెన్సిల్ కాగితానికి నేను పై స్థానం ఇస్తాను.

(ఇంకో ప్రశ్న: వీళ్ళ పేరుతో చెలామణీ అయ్యే నకళ్ళు చాలా ఉన్నాయంటారు. ఎలా తెలుస్తుంది సార్?)

ముందు సంతకం చూడొద్దు. దాన్ని ఎవరైనా వేయగలరు. వాళ్ళ పనిగదిలో సహాయకులు వేసినవి, పోయాక అనుకరించినవి లెక్కలేనన్ని ఉన్నాయి. తాళ్ళ వెంట కన్ను నడపండి. ప్రతి తాడుకూ ఒక మొదలు, ఒక చివర ఉండాలి. అనుకరించేవాడి తాడు స్తంభం దాకా పోయి గాలిలో కలిసిపోతుంది. తర్వాత అగ్గిఓడ ఉంటే దాని పక్క కిటికీలు చూడండి. మామూలు ఓడలో కిటికీ తలుపుకు బందు పైన ఉంటుంది, తాడుతో పైకి లాగి తెరుస్తారు. అగ్గిఓడకు బందు కింద పెడతారు. తాళ్ళు కాలిపోయినా తలుపు మూసుకోకుండా తెరిచే ఉండాలని, మంటకు గాలి అందాలని. ఇది తెలిసినవాడు వేరుగా వేస్తాడు, తెలియనివాడు అన్నిటికీ ఒకే కిటికీ వేస్తాడు.

రైక్స్ మ్యూజియం తన చిత్రాల పెద్ద ఫోటోలను ఉచితంగా దించుకోనిస్తుంది. తేర్‌హైడ్ కలం చిత్రం దించుకుని, ఫోన్‌లో కాకుండా కంప్యూటర్ తెర మీద పెద్దది చేయండి. ఒక జెండాతో మొదలుపెట్టి, ఆ ఓడ తెరచాపకు, అక్కణ్ణుంచి దాని పొగకు, పొగ కింద అలకు దిగి రండి. తర్వాత పక్క ఓడకు పోండి. అడుగున ముందువరస నీళ్ళలో కలం గీతలు కాస్త ఎడంగా, బలంగా ఉంటాయి. దూరం పోయేకొద్దీ దగ్గరపడి సన్నబడతాయి. ఆ గీతల మధ్య పడవలో కూచున్నాయన్ని వెతకండి.